ఊళ్లో వృద్ధాశ్రమం కట్టాలా, ఇళ్లకే మనిషిని పంపాలా? (20 సెంట్లు, 60 లక్షలు)

మెట్టఊరు
పల్నాడు వైపు మెట్ట ఊరు. 1,400 గడపలు, 4,800 పైచిలుకు జనం. చదువుకున్న పిల్లలు చాలామంది హైదరాబాదు, బెంగళూరు, అమెరికాల్లో ఉన్నారు. ఊరి చివర 20 సెంట్లు ఇస్తామని ఒక కుటుంబం ముందుకొచ్చింది. బయట ఉన్నవాళ్లంతా కలిస్తే 60 లక్షల దాకా పోగవుతుంది. 30 పడకల వృద్ధాశ్రమం, కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు అని కమిటీ ఆలోచన. ప్లాను గీయించే ముందు ఈ పని తెలిసినవాళ్లు చూసి చెప్పండి. గదుల కొలతలు ఎంత ఉండాలి, సిబ్బంది ఎంతమంది కావాలి, ప్రభుత్వ గ్రాంటు దొరుకుతుందా?

లెక్కలపుస్తకం
గదుల కంటే ముందు జీతాలు చూడండి. "ఎప్పుడూ ఒక మనిషి దగ్గరుండాలి" అంటే రోజుకు మూడు షిఫ్టులు, వారానికి 21. ఒకరు వారానికి ఆరు షిఫ్టులు చేస్తే మూడున్నర మంది కావాలి. సెలవులు, జ్వరాలు, పండగలు కలిపితే నలుగురు. ఒక్క కుర్చీ ఖాళీగా ఉండకూడదంటే నాలుగు జీతాలు ఇవ్వాలన్నమాట.

30 పడకలకు పొద్దున నలుగురు, మధ్యాహ్నం ముగ్గురు, రాత్రి ఇద్దరు అనుకుందాం. ఇది చాలా బిగుతుగా వేసిన లెక్క. రోజుకు 9 షిఫ్టులు, వారానికి 63. దానికి పదిన్నర మంది, సెలవులతో 12 మంది. మనిషికి నెలకు 12,000 అనుకున్నా 1,44,000. ఏడాదికి 17 లక్షల పైన. వంట, కరెంటు, మందులు, డైపర్లు ఇందులో లేవు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. ఇటుక కూడా పేర్చకుండా 60 లక్షలూ బ్యాంకులో వేస్తే, 7 శాతం లెక్కన ఏడాదికి 4,20,000 వడ్డీ. నెలకు 35,000. జీతాల్లో పావు వంతు కూడా రాదు. పైగా మీరు ఆ డబ్బును గోడల్లో పెడతానంటున్నారు. భవనం లేచాక రెండో ఏడాదికి నడిపే డబ్బుండదు. కమిటీ మొదట ఒప్పుకోవాల్సిన సంగతి ఇదే.

ఊరినర్సు
లెక్కలపుస్తకం గారు చెప్పినదానికి ఇంకొకటి కలుపుతాను. 30 పడకలు అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ఊళ్లో ఎవరికి ఏం కావాలో లెక్క తీశారా?

2011 జనాభా లెక్కల్లో దేశంలో 60 దాటినవాళ్లు సుమారు 10.4 కోట్లు. అందులో 7 కోట్లకు పైగా పల్లెల్లోనే ఉన్నారు. మీ ఊళ్లో పదో వంతు అనుకున్నా 480 మంది. వయసు పిల్లలు బయటికి వెళ్లిన ఊరు కాబట్టి అంతకంటే ఎక్కువే ఉంటారు. వాళ్లలో ఎక్కువమంది తమ పనులు తాము చేసుకుంటూ పొలానికీ గుడికీ తిరుగుతూనే ఉంటారు. రోజూ చేయి సాయం కావాల్సినవాళ్లు ఎవరన్నదే మీకు తెలియాలి.

సర్వే కాగితం ఒక పేజీ దాటనివ్వకండి. ఆరు ప్రశ్నలు: స్నానం, బట్టలు వేసుకోవడం, దొడ్డికి వెళ్లడం, మంచం మీంచి లేచి కుర్చీలో కూర్చోవడం, మలమూత్రాల మీద అదుపు, అన్నం తినడం. ఒక్కోదానికి "సొంతంగా / సాయంతో / అసలు కాదు" అని మూడు గళ్లు. కింద ఇంకో నాలుగు: రాత్రి ఆ ఇంట్లో ఎవరు పడుకుంటారు, గత ఆరు నెలల్లో పడ్డారా, రోజూ వేసుకునే మందులేమిటి, వంట ఎవరు చేస్తారు. "ఎలా ఉన్నారమ్మా?" అని అడిగితే "బాగానే ఉన్నానయ్యా" అనే చెబుతారు. "దొడ్డికి ఎలా వెళ్తారు, ఓసారి నడిచి చూపిస్తారా?" అని అడగండి. కూర్చున్నచోటి నుంచి లేచేటప్పుడు చేతులు దేన్ని పట్టుకుంటున్నాయో గమనించండి. కోడలు ముందు చెప్పలేనివి ఉంటాయి కాబట్టి ఒంటరిగా కూడా అయిదు నిమిషాలు మాట్లాడాలి.

సర్వేకు ఆశా, ఎంఎల్‌హెచ్‌పీ (ఊరి ఆరోగ్య కేంద్రంలో ఉండే ఆరోగ్య అధికారి), ఇద్దరు డ్వాక్రా మహిళలు కలిస్తే చాలు. రోజుకు 25 ఇళ్లు చొప్పున వృద్ధులున్న ఇళ్లన్నీ మూడు నాలుగు వారాల్లో అయిపోతాయి.

మెట్టఊరు
సర్వే చేయలేదు. పక్క మండలంలో 30 పడకలు కట్టారని మేమూ అనుకున్నాం. ఇళ్లలోనే ఉంచి చూసుకోవాలంటే ఆ ఇళ్లు అందుకు పనికొస్తాయా? మా దగ్గర ఎక్కువ ఇళ్లకు రెండున్నర అడుగుల పునాది ఎత్తు, ఇంటింటికీ గడపలు, పెరటి చివర మరుగుదొడ్డి.

కొలతబద్ద
పనికొస్తాయి. ఇల్లంతా మార్చక్కర్లేదు. మంచం నుంచి దొడ్డి దాకా ఉన్న దారి ఒక్కటి సరిచేయండి. రాత్రి రెండు గంటలకు, కరెంటు లేనప్పుడు, తడి నేల మీద ఆ మనిషి నడిచే దారి అది. అదే వరసలో చెబుతాను.

మంచం. పాత నవారు మంచాలు సాగిపోయి మధ్యలో గుంట పడతాయి. అంచు ఎంత ఎత్తున్నా నడుము కిందికి దిగిపోతుంది కాబట్టి లేవడం కష్టం. మొదట నవారు బిగించండి. తర్వాత కూర్చోబెట్టి చూడండి: రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి, తొడలు నేలకు సమంగా ఉండాలి. మామూలు ఎత్తు మనిషికి అది 17, 18 అంగుళాల దగ్గర వస్తుంది. ఎత్తు చాలకపోతే కోళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టండి. దిమ్మకు రెండు అంగుళాల లోతు గుంత తొలిపించాలి. ఇటుకల మీద నిలబెట్టిన మంచం ఒక పక్క నుంచి లేస్తున్నప్పుడు జారిపోతుంది.

గడప. సింహద్వారం గడప తీయమని ఎవరినీ అడగొద్దు, తీయరు, తీయక్కర్లేదు కూడా. పసుపు రాసి బొట్లు పెట్టిన గడప చూపు తగ్గిన కంటికి కూడా ఆనుతుంది. నేల రంగులోనే ఉన్న లోపలి గదుల సిమెంటు గడపలకు, స్నానాల గది అంచుకు తగులుకుని పడతారు. వాటిని కొట్టేయండి. తీయలేనివాటికి పసుపు పచ్చ పెయింటు పట్టీ వేసి, ద్వారబంధానికి నిలువుగా ఒక పట్టు కమ్మీ బిగించండి.

మెట్లు, ర్యాంపు. చక్రాల కుర్చీ ర్యాంపుకు వాలు 1:12. రెండున్నర అడుగుల పునాదికి 30 అడుగుల పొడవు, మధ్యలో ఆగడానికి 5 అడుగుల చదును కూడా కావాలి. ఎక్కువ ఇళ్ల ముందు అంత జాగా ఉండదు. మేస్త్రీలు పది అడుగుల్లో ముగించేస్తారు. అప్పుడు అది మోటారు సైకిల్ ఎక్కడానికి పనికొస్తుంది, ముసలివాళ్లను కింద పడేస్తుంది. జాగా లేకపోతే ర్యాంపు మానేసి మెట్లు మార్చండి: ఎత్తు 5 నుంచి 6 అంగుళాలు, అడుగు పెట్టే వెడల్పు కనీసం 12, అన్ని మెట్లూ ఒకే ఎత్తు. రెండు పక్కలా కమ్మీలు, నేల నుంచి సుమారు 2 అడుగుల 10 అంగుళాల ఎత్తున. కర్రతో నడిచేవాళ్లకు వాలు కంటే పొట్టి మెట్లే సుళువు.

దొడ్డి. వీలైతే వెనక వసారాకు ఆనించి కొత్తది కట్టండి. లోపల 5 అడుగులు x 7 అడుగులు, తలుపు తీసిన ఖాళీ 3 అడుగులు. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరిచే తలుపైతే, మనిషి తలుపుకు అడ్డంగా పడినప్పుడు బయటివాళ్లు తెరవలేరు. గొళ్లెం బయటి నుంచీ తీయగలిగేది పెట్టండి. కమోడ్ సీటు ఎత్తు 17 నుంచి 19 అంగుళాలు. నేలకు గరుకు టైల్స్. పాలిష్ పట్టిన నాపరాయి మీద సబ్బు నీళ్లు పడితే నిలబడలేరు.

పట్టుకునే కమ్మీలు. ఎక్కువగా చెడేది ఇక్కడే. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడకు ప్లాస్టిక్ ప్లగ్గు దిగ్గొట్టి స్క్రూ బిగిస్తారు. ప్లగ్గు ప్లాస్టరింగులోనే ఆగుతుంది. మనిషి బరువు పడ్డ రోజు కమ్మీతో సహా ఊడొస్తుంది. గోడ ఆ పక్క నుంచి ఈ పక్కకు బోల్టు దూర్చి, అవతల ఇనుప ప్లేటు వేసి బిగించండి. మట్టి గోడైతే గోడ జోలికే పోకండి. జీఐ పైపును నేలలో అడుగున్నర లోతు కాంక్రీటులో నిలబెట్టండి. కమ్మీ లావు 32 నుంచి 38 మిల్లీమీటర్లు, గోడకూ కమ్మీకీ మధ్య అంగుళంన్నర సందు. సందు ఎక్కువైతే మోచేయి దాకా దూరి ఇరుక్కుంటుంది. బిగించాక బరువైన మేస్త్రీని రెండు చేతులతో వేలాడమనండి. కదిలితే మళ్లీ చేయించండి.

పల్లెదవాఖాన
కరీంనగర్ వైపు నుంచి రాస్తున్న. కొలతబద్ద అన్న చెప్పినవన్నీ సరే. కొత్త దొడ్డి కట్టే స్థోమత లేని ఇండ్లకు ఒక మాట: ఉన్న బేసిన్ మీదనే నడుమ రంధ్రమున్న కమోడ్ కుర్చీ పెట్టుకోవచ్చు. రెండు జాగ్రత్తలు కావాలె. కాళ్లకు రబ్బరు బుష్‌లు అరిగిపోతే తడి నేల మీద జారుతది, అందుకే మూడు నెలలకోసారి మార్చాలె. నేల వాలుగా ఉంటది కాబట్టి నాలుగు కాళ్లూ సమంగ ఆనుతున్నయా చూడాలె. ఎత్తు సర్దుకునే కాళ్లున్న కుర్చీ తీసుకుంటే ఆ బాధ తప్పుతది.

ఇంకోటి, ఎండకాలం. కొడుకులు స్లాబు ఇల్లు కట్టుకుని, ముసలివాళ్లను పక్కన రేకుల గదిల ఉంచుతరు. మే నెలల ఆ గది లోపల బయటికంటే వేడి. రేకుల మీద సున్నం రెండు పూతలు, లోపల తాటాకు చాపతో అడ్డు కప్పు, ఎదురెదురు కిటికీలు. ఈ మూడూ మార్చి నెలలోనే చేయించాలె. బీపీకి నీటి మాత్ర (మూత్రం ఎక్కువ పోయించేది) వేసుకునేటోళ్లు ఎండల్ల తొందరగ నీరసపడతరు. మోతాదు తగ్గించాల్నా అని వేసవి రాకముందే డాక్టరును అడగాలె, సొంతంగ మానొద్దు.

ఊరినర్సు
పల్లెదవాఖాన గారు చెప్పిన వేడి ఇన్సులిన్‌కూ దెబ్బే. ఫ్రిజ్ లేని ఇంట్లో రెండు కుండల పద్ధతి వాడొచ్చు: పెద్ద కుండలో తడి ఇసుక, దాని మధ్య చిన్న కుండ, చిన్న కుండలో మూత గట్టిగా పెట్టిన డబ్బాలో సీసా. ఇసుక రోజుకు రెండుసార్లు తడపాలి, నీడలో గాలి తగిలేచోట ఉంచాలి. వాడకం మొదలుపెట్టిన సీసాను 28 రోజుల తర్వాత పారేయండి. సీసా మీద తెరిచిన తేదీ రాయించడం సర్వే బృందమే మొదలుపెట్టొచ్చు.

ఇక మంచం పట్టినవాళ్ల సంగతి.

పడకపుండ్లు. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. పూర్తిగా పక్కకు కాదు, వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు ఒరిగించాలి. పూర్తి పక్కకు తిప్పితే తుంటి ఎముక మీద బరువు పడి అక్కడ పుండవుతుంది. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడాలి. ఎర్రబడ్డచోట వేలితో నొక్కితే తెల్లబడాలి. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. అక్కడ మర్దన చేయకూడదు, లోపలి కండ ఇంకా నలుగుతుంది. గాలి పరుపు కొన్నాం కదా అని తిప్పడం మానేస్తారు. పైగా కరెంటు పోతే పంపు ఆగి పరుపు దిగిపోతుంది, మనిషి నేరుగా చెక్క మీద ఉంటాడు. గాలి పరుపు ఇచ్చే ఇంటికి ఇన్వర్టరు ఉందో లేదో ముందు చూడండి.

మూత్రపు పైపు. మామూలు రబ్బరు పైపు మూడు, నాలుగు వారాలు, సిలికాన్‌ది మూడు నెలల దాకా. సంచి ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి, నేలకు తగలకూడదు. పైపు వేసిన తేదీ గోడ క్యాలెండరు మీద రాయించండి. ఆసుపత్రి నుంచి పైపుతో పంపిస్తారు, మార్చే తేదీ ఎవరికీ గుర్తుండదు, జ్వరం వచ్చాక మళ్లీ ఆసుపత్రికి పరుగెడతారు. ఒక్క నర్సు తేదీల పుస్తకం పెట్టుకుని తిరిగితే ఇది చాలావరకు ఆగిపోతుంది.

తిండి. నిటారుగా కూర్చోబెట్టి పెట్టాలి, తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. పక్షవాతం వచ్చినవాళ్లకు పల్చటి నీళ్లే ఎక్కువగా పొలమారతాయి. రాగి జావ చిక్కదనంలో ఇస్తే చాలామందికి దిగుతుంది.

కేరళలో ఈ పని చూసి నేర్చుకోవచ్చు. కోజికోడ్‌లో 1993లో ఉపశమన వైద్య (నయం కాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే సేవ) సంఘం మొదలైంది, ఆ తర్వాత మలప్పురం ఊళ్లలో ఇరుగుపొరుగు వాలంటీర్లతో ఇళ్లకు వెళ్లే పద్ధతి పెరిగింది. 2008లో ఆ రాష్ట్రం ఉపశమన సేవకు విధానం ప్రకటించి పంచాయతీలకు బాధ్యత ఇచ్చింది. అక్కడ ఇంటింటికీ తిరిగే నర్సే అసలు ఆధారం, పడకలు కావు. మీ 35,000 వడ్డీతో ఒక నర్సు, ఒక స్కూటరు, ఒక సంచి సామాను నడుస్తాయి.

దస్తావేజు
సంరక్షణ ప్రణాళికలో ఆస్తి సంగతి రాలేదు. ఊళ్లలో సగం గొడవ అక్కడే మొదలవుతుంది.

ఇల్లూ పొలమూ పిల్లల పేర రాసేటప్పుడు "ప్రేమాభిమానాలతో" అని మామూలు దాన సెటిల్మెంటు రాసేస్తారు. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో 23వ సెక్షన్ ఉంది. రాయించుకున్నవాళ్లు కనీస అవసరాలు చూడాలన్న షరతు మీద రాసి, వాళ్లు చూడకపోతే ఆ బదిలీని ట్రిబ్యునల్ రద్దు చేయొచ్చు. షరతు ఉండాలన్నదే కీలకం. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు షరతు లేని దస్తావేజుకు ఈ సెక్షన్ వర్తించదని చెప్పింది. 2025 జనవరిలో ఇంకో కేసులో చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా చదవాలంది. అయినా ఆ ఉదారత మీద ఆధారపడొద్దు. దస్తావేజులోనే "తిండి, బట్ట, వైద్యం, ఉండటానికి ఇల్లు వీళ్లిద్దరి జీవితకాలం చూడాలి, చూడని పక్షంలో ఈ బదిలీ రద్దు" అన్న వాక్యం రాయించండి. దానితోపాటు జీవితకాల అనుభవ హక్కు తమకే ఉంచుకోవాలి. అసలైన మార్గం, రాయకుండా వీలునామాతో ఆగడం. వీలునామా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

ట్రిబ్యునల్ అంటే ఆర్డీవో దగ్గరే. తెల్ల కాగితం మీద దరఖాస్తు చాలు. తామే వెళ్లలేకపోతే తాము అధికారమిచ్చిన మనిషి గానీ సంస్థ గానీ వేయొచ్చు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, ఒకసారి మరో 30 రోజులు పొడిగించొచ్చు. పోషణ భత్యం చట్టంలో నెలకు 10,000 దాకా. పిల్లలు లేనివాళ్లు, తమ ఆస్తి అనుభవిస్తున్న లేదా వారసులయ్యే బంధువు మీద వేయొచ్చు, ఈ సంగతి చాలామందికి తెలియదు. ముందు ఒక మాట సాయం కావాలంటే 14567 ఎల్డర్‌లైన్ (వృద్ధుల సాయానికి ఫోను నంబరు), పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా.

మెట్టఊరు
దస్తావేజు గారూ, అమెరికా వాళ్ల డబ్బు ట్రస్టు ఖాతాలో నేరుగా వేయించుకోవచ్చా?

లెక్కలపుస్తకం
దీనికి నేను చెబుతాను. పంపేవారి పాస్‌పోర్టు చూడండి. భారత పాస్‌పోర్టుతో అక్కడ ఉద్యోగం చేస్తున్నవారు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చే) కార్డు ఉన్నా సరే, పంపితే విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ కావాలి, డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతాకే రావాలి. కొత్త ట్రస్టుకు వెంటనే రిజిస్ట్రేషన్ రాదు, మూడేళ్లు పనిచేసి చూపాలి. అంతకు ముందు ఒక నిర్దిష్ట పనికి ముందస్తు అనుమతి అడగొచ్చు. 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్ఏ ఉన్న ఇంకో సంస్థ ద్వారా మీకు మళ్లించడమూ కుదరదు. రెండు రకాల డబ్బూ ఒకే ఖాతాలో కలిపితే మొత్తం చిక్కుల్లో పడుతుంది. ఇప్పుడే దాతల జాబితాను రెండుగా విడగొట్టండి.

గ్రాంటు గురించి అడిగారు. వృద్ధాశ్రమాలకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ పథకం ఉంది గానీ అది నడుస్తున్న సంస్థలకు, తనిఖీల తర్వాత. గ్రాంటు వస్తుందన్న నమ్మకంతో జీతాలు ఒప్పుకోవద్దు.

రోజువారీ ఖర్చుకు మనుషుల చేతికే వచ్చే డబ్బు చూడండి. ఆంధ్రలో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4,000, వికలాంగులకు 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. పక్షవాతంతో మంచం పట్టి కూడా 4,000 పింఛనులోనే ఉండిపోయినవాళ్లు మీ సర్వేలో దొరకొచ్చు. సదరం శిబిరానికి (వైకల్యం ఎంతో డాక్టర్లు తేల్చేచోటికి) తీసుకెళ్లి సర్టిఫికెట్ తీయిస్తే ఆ ఒక్క ఇంటికి నెలకు 11,000 తేడా. కమిటీ చేయగల పనుల్లో ఇంత ఫలితం ఇచ్చేవి తక్కువ. 70 దాటినవాళ్లకు 2024 అక్టోబరులో వచ్చిన వయ వందన కార్డు (ఆయుష్మాన్ భారత్ ఉచిత వైద్యం కార్డు) కూడా తీయించండి. కానీ అది ఆసుపత్రిలో చేరినప్పటికి, ఇంటి దగ్గర సేవకు కాదు.

కర్రలు, వాకర్లు, వినికిడి యంత్రాలు, చక్రాల కుర్చీలకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన శిబిరాలు ఉంటాయి. ఆ పథకం 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది.

తీరంగాలి
వాకర్లు పంచేటప్పుడు కొలత చూడండి. చేతులు కిందికి వేలాడేస్తే మణికట్టు గీత దగ్గర పిడి ఉండాలి. అందరికీ ఒకే ఎత్తున ఇస్తే వంగి నడిచి ముందుకు పడతారు. మట్టి వీధుల్లో చక్రాల వాకరు దిగబడుతుంది, నాలుగు కాళ్లదే నయం.

మంచం పట్టినవాళ్ల జాబితా ఒక కాపీ వీఆర్వో దగ్గర ఉంచండి. తుపానుకో వరదకో ఊరు ఖాళీ చేయించేటప్పుడు వాళ్ల కోసం వాహనం ముందే వెళ్లాలి. మా తీరం ఊళ్లలో ఇది తప్పనిసరి, మీ దగ్గరా వాగులున్నాయి.

మెట్టఊరు
కమిటీలో మాట్లాడాం. భవనం పక్కన పెట్టాం. ముందు సర్వే. 50 లక్షలు డిపాజిట్, 10 లక్షలు ఇళ్ల మరమ్మతులకు. ఒక నర్సు. 20 సెంట్లలో ఒక హాలు, వంటగది, రెండు మరుగుదొడ్లతో, వృద్ధులు పగటిపూట వచ్చి ఉండే పగటి కేంద్రం మాత్రం రెండో ఏడాది. అయితే రాత్రి ఎవరూ లేని ఇళ్ల సంగతి ఏం చేయాలి?

ఊరినర్సు
50 లక్షల మీద వడ్డీ నెలకు 29,000 దగ్గరే వస్తుంది, నర్సు జీతం, పెట్రోలు, సామాను అందులో ఇమడాలి. నర్సు దగ్గర ఉండాల్సినవి: బీపీ, షుగరు మిషన్లు, థర్మామీటరు, పల్స్ ఆక్సీమీటరు, గాజుగుడ్డ, సెలైన్, 14, 16 నంబరు మూత్రపు పైపులు, వాటి సంచులు, గ్లోవ్స్. మందులు పీహెచ్‌సీ నుంచి తీసుకోవచ్చు, అవి కొనొద్దు.

రాత్రికి మూడు రకాలుగా విడగొట్టండి. లేచి తిరిగేవాళ్లకు మంచం పక్క ఛార్జింగ్ బల్బు, పెద్ద బటన్ల ఫోను, పక్కింటివాళ్ల నంబరు మొదటి బటన్‌కు. పొద్దున ఆరున్నరకల్లా తలుపు తెరుచుకోకపోతే వెళ్లి చూసే బాధ్యత ఫలానా ఇంటిదని పేరు రాసి పెట్టండి. అందరి బాధ్యత అంటే ఎవరూ వెళ్లరు. లేవడానికి సాయం కావాల్సినవాళ్లకు రాత్రి పడుకునే మనిషి కావాలి. ఒంటరి మహిళలు ఇద్దరు ముగ్గురు ఒకే ఇంట్లో పడుకునేలా ఒప్పిస్తే ఒక మనిషి జీతం ముగ్గురికి సరిపోతుంది. మంచం పట్టి, ఎవరూ లేనివాళ్లు మాత్రమే మిగులుతారు. సర్వేలో వాళ్లు నలుగురో అయిదుగురో తేలితే, అప్పుడు ఆ 20 సెంట్లలో ఆరు పడకల ఇల్లు గురించి మాట్లాడండి.

కొలతబద్ద
ఆ ఆరు పడకలు ఎప్పటికైనా వస్తాయనే లెక్కతో పగటి కేంద్రం గీయించండి. ఒకే అంతస్తు, మెట్లు లేకుండా. మండువా ఇంటి తీరులో నడుమ వాకిలి, చుట్టూ వసారా 6 అడుగుల వెడల్పు. చక్రాల కుర్చీ తిరగడానికి 5 అడుగుల చుట్టుకొలత కాదు, 5 అడుగుల అడ్డకొలత ఉండాలి, మేస్త్రీకి గీసి చూపించండి. తూర్పు వసారా వెంట గోడలు లేపితే గదులయ్యేలా మురుగు పైపులు, నీటి పైపులు ఇప్పుడే నేలలో వేసి మూతలు బిగించి పెట్టండి. తర్వాత నేల తవ్వడం కంటే అది చాలా చవక. జంట గుంతల మరుగుదొడ్డి అయితే గుంతల మధ్య మూడున్నర అడుగులు, బావికి కనీసం 50 అడుగులు.

పల్లెదవాఖాన
ఆ స్థలంల పాత బావి ఉంటే గట్టు మూడు అడుగుల ఎత్తు లేపి పైన జాలీ వేయించుండ్రి. మతిమరుపు జబ్బున్నోళ్లు సాయంత్రం పూట ఎక్కువ తిరుగుతరు, వాళ్లకు బావి దగ్గర అంచు తెల్వదు. గేటు గొళ్లెం కూడా కంటి ఎత్తు కంటే పైన పెట్టించుండ్రి.

మెట్టఊరు
బావి ఉంది, గట్టు లేదు. సోమవారం మేస్త్రీని పిలుస్తున్నాం. సర్వే కాగితం తయారవగానే ఇక్కడే పెడతాను, ఊరినర్సు గారు ఒకసారి చూసి చెప్పాలి.